పొట్లం వేరుగా కట్టినామె

ఏదైనా మూత పెట్టి ఉంటే తీసి చూడందే నాకు ప్రాణం ఊరుకోదు. చిన్నప్పుడు ఇంటికొచ్చిన చుట్టాల సంచులు, పెద్దయ్యాక ఆఫీసు బీరువాలు, ఈమధ్య చట్టాలు. మా అవ్వ దీనికి గెలుకుడు రోగమని పేరు పెట్టింది. "నీకెందుకే గివన్ని?" అన్న మాట ఆమె నోట నా పేరుకన్నా ఎక్కువసార్లు విన్నాను. ఆ రోగం వల్ల నేనొక మంచి పని చేశాననుకున్నాను. దాని వెనకే ఒక తప్పు కూడా చేశాను. మంచి పని సంగతి ఎవరైనా వాదించవచ్చుగానీ తప్పు మాత్రం నాదే.

నేను పనిచేసింది నిజామాబాద్ నుంచి వర్ని వైపు పోయే దారిలో ఉన్న ఒక విత్తనాల కంపెనీలో. వడ్లు తెచ్చి, చెరిగి, మందు పట్టించి, సంచుల్లో నింపి విత్తనంగా అమ్ముతారు. నాది ల్యాబులో పని. ల్యాబు అంటే ఏదేదో ఊహించుకోవద్దు. ఒక పొడుగాటి గది, ఆరుగురు ఆడవాళ్లు, వెచ్చగా ఉండే రెండు ఇనుప అల్మారాలు. ప్రతి లాటు నుంచీ నాలుగు వందల గింజలు లెక్కబెట్టి, తడిపిన మందపాటి కాగితం మీద వరుసగా పేర్చి, చుట్టి, అల్మారాలో నిలబెడతాం. పద్నాలుగో రోజున విప్పి ఎన్ని మొలిచాయో చూస్తాం. నూటికి ఎనభై మొలిస్తే అది విత్తనం, లేకపోతే ఉత్త వడ్లు. ఆ అంకె, పరీక్ష చేసిన తేదీ సంచికి కుట్టే ట్యాగు మీద అచ్చు వేస్తారు. రైతు ఆ ట్యాగు చూసే కొంటాడు.

ఆ చుట్టలు విప్పే రోజంటే నాకు ఎంత ఇష్టమో! జీతం లేకున్నా ఆ ఒక్క పనికి పోయేదాన్నేమో. లోపల తెల్లటి వేర్లు అల్లుకొని, పచ్చటి మొలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండేవి. మొలవని గింజ ముందు కూర్చొని, దీనికేమైందా అని గోరుతో చీల్చి చూసేదాన్ని. పక్క టేబుల్ దగ్గర కూర్చునే అక్క నవ్వేది. "సచ్చిన గింజకు పంచనామా చేస్తున్నవా?" అనేది.

ఆ అక్క మోస్రా నుంచి బస్సులో వచ్చేది. నాకన్నా ఐదేళ్లు పెద్ద. వ్యవసాయం ఇల్లు, రెండెకరాలు కూడా లేవు. ఇంటాయన కూలికి పోతాడు కానీ ఏడాదిలో సగం రోజులు పని దొరకదు. ఇల్లు నడిచేది ఆమె నౌకరీ మీదే. మనసులో మాట కడుపులో దాచుకోవడం ఆమెకు చేతకాదు. నాది సరిగ్గా దానికి తిరగేసిన వ్యవహారం. అన్నీ తెలుసుకుంటాను, బయటికి ఒక్కటీ అనను.

యాసంగి నార్లు పోసే ముందు ఒకరోజు ఏదో పనిమీద ప్యాకింగ్ షెడ్డుకు పోయాను. అక్కడ ఒక ట్యాగుల కట్ట కనిపించింది. కనిపిస్తే ఊరుకుంటానా, విప్పి చూశాను. అది ఆ పొద్దున నేను చుట్టిపెట్టిన లాటు. ఇంకా పద్నాలుగు రోజుల పని ఉంది. ట్యాగు మీద మాత్రం మొలక శాతం అచ్చయి ఉంది, తేదీతో సహా. మనసు ఆగక అక్కకు చూపించాను. ఆమె ట్యాగు చేత్తో పట్టుకొని తిన్నగా మేనేజర్ దగ్గరికి పోయింది.

"సారూ, వడ్లు ఇంక మొలవనే లేదు. ట్యాగు ఎట్ల మొలిచింది?"

వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చిన మేనేజర్ ఆయన. తల ఎత్తకుండానే, "మీ పని గింజలు లెక్కబెట్టడం. అది చెయ్యండి చాలు" అన్నాడు. అక్క గొణుక్కుంటూ వచ్చి కూర్చుంది. మేమంతా ముసిముసిగా నవ్వాం. నేనూ నవ్వాను, ఆ ట్యాగు చూపించింది నేనే అన్న మాట మరిచిపోయినట్టు.

పద్నాలుగో రోజున ఆ చుట్టలు విప్పితే సగానికి సగం గింజలు చచ్చిపోయి ఉన్నాయి. సంచులు అప్పటికే ఊళ్లకు పోయాయి. కొన్నాళ్లకు రుద్రూర్ దిక్కు రైతు ఒకాయన గేటు దగ్గరికి వచ్చి, నారుమడి మొలవలేదని కాళ్లకు బురదతోనే నిలబడ్డాడు. "నీళ్లు ఎక్కువ పెట్టినవ్ కావచ్చు" అని వాచ్‌మన్‌తో చెప్పించి పంపేశారు. ఆయన అది నమ్మాడు. నిజంగా నీళ్లు ఎక్కువయ్యాయేమోనని వేళ్లు మడిచి రోజులు లెక్క చూసుకుంటూ పోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు ఉత్తరం రాశాను. విత్తనాల నాణ్యత చూసే ఒక ఆఫీసుకు. పేరు పెట్టలేదు. పెట్టడానికి నాకేమైనా పిచ్చా? చేతిరాత దొరుకుతుందని బోధన్‌లో ముక్కూమొహం తెలియని షాపులో టైపు చేయించాను. ఫోన్ నంబర్ అడిగితే లేదన్నాను. అక్కడి పోస్టు డబ్బాలోనే వేశాను. దుకాణంలో కొన్న ఆ లాటు సంచి నుంచి పిడికెడు వడ్లు పొట్లం కట్టి కవర్లో పెట్టాను, వాళ్లే మొలకెత్తించి చూసుకుంటారని. తిరుగు బస్సులో నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ తర్వాత మళ్లీ రోగం మొదలు. ఆ ఉత్తరం ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉంది? ఎవరు చింపారు? వడ్లు తడిపారా? ఆఫీసు ముందు నుంచి బస్సు పోయినప్పుడల్లా, కిటికీలోంచి కనబడుతుందేమో అన్నట్టు మెడ చాచి చూసేదాన్ని. ఒకసారి బస్సులో పక్కన కూర్చున్న అవ్వ అడిగింది, "ఏందే, గా బిల్డింగుల ఎవలన్న చుట్టాలున్నరా?" అని.

మూడు వారాల తర్వాత నాకు జవాబు దొరికింది. ఒక పొద్దున మేనేజర్ మా గదికి వచ్చి, టేబుల్ మీద తెల్లకాగితాలు, ఒక దారం ఉండ, గిన్నెలో వడ్లు పెట్టించాడు. "పోస్టులో పంపాల్సిన శాంపిళ్లున్నాయి. తలా ఒక పొట్లం కట్టండి" అన్నాడు. నాకు ఏ అనుమానం రాలేదు. నిమిషంలో కట్టి ముందు పెట్టేశాను. అందరూ కట్టారు. అప్పుడు డ్రాయర్‌లోంచి ఆయన ఇంకో పొట్లం తీసి మా పొట్లాల పక్కన పెట్టాడు. బోధన్‌లో డబ్బాలో వేసిన నా పొట్లం అది.

తర్వాత తెలిసింది, ఎవరి మీద ఫిర్యాదు వస్తే ఆ ఫిర్యాదును వాళ్లకే పంపి సంజాయిషీ అడిగే పద్ధతి ఒకటి ఉందట. నా ఉత్తరం, నా వడ్లు, కవరుతో సహా కంపెనీకే వచ్చాయి. నేను కిటికీల్లోకి మెడ చాచి వెతికిన కాగితం నా తలమీది అంతస్తులోనే ఉంది.

నా పొట్లం ఎట్లుందో చెప్పాలి. కాగితాన్ని గొట్టంలా చుట్టి, వెడల్పు కొసను నాలుగు మడతలుగా గోరుతో లోపలికి నొక్కి, సన్నటి కొసకు రెండు చుట్లు దారం బిగించి ఉంది. బీడీ చుట్టే పద్ధతి అది. పదో ఏటి నుంచి డిగ్రీ అయ్యేదాకా అవ్వ పక్కన కూర్చొని బీడీలు చేశాను. ఉద్యోగానికి వచ్చినప్పుడు ఆ మాట ఎవరికీ చెప్పలేదు, నామోషీ. రాత దాచాను, ఊరు దాచాను, వేళ్లను దాచాలని తట్టలేదు.

కానీ మిగతా పొట్లాల వైపు చూస్తే, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అన్నీ అట్లాగే ఉన్నాయి! గొట్టం, నాలుగు మడతలు, రెండు చుట్ల దారం. కంఠేశ్వర్ నుంచి స్కూటీ మీద వచ్చే, ఎప్పుడూ ఇంగ్లిష్ మాటలు కలిపి మాట్లాడే అమ్మాయిది కూడా. నేను ఆమె వైపు చూశాను, ఆమె నా వైపు చూసింది. ఇద్దరికీ నవ్వు ఆగేలా లేదు. ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చొని, బీడీ ఆకు ముట్టనట్టే మాట్లాడుకున్నాం మేమంతా. ఆ ఒక్క క్షణం మాకు భయం కూడా మరుపైంది.

ఆరో పొట్లం మాత్రం వేరు. కిరాణా దుకాణంలో కట్టినట్టు పలకగా, నీటుగా, దారం అడ్డంగా నిలువుగా వేసి ఉంది. అది మోస్రా అక్కది. ఆమె ఇంట్లో ఎవరూ బీడీలు చెయ్యలేదు.

ఈ ఊరి ఆడవాళ్ల వేళ్ల సంగతి మేనేజర్‌కు ఏం తెలుసు? ఆయన బుర్రలో లెక్క ఇంకోలా నడిచింది. "ఐదుగురు మామూలుగా కట్టారు. కావాలని మార్చి కట్టింది నువ్వొక్కదానివే. దొరుకుతానని భయపడ్డావు కదూ? ట్యాగుల గురించి వచ్చి అడిగింది కూడా నువ్వే" అన్నాడు.

"అడిగిన సారూ. మీ మొకం మీదనే అడిగిన. ఉత్తరం రాసే అక్కర నాకేంది?" అంది అక్క.

అది ఎంత సరైన మాటో నాకొక్కదానికే తెలుసు. నోటిదాకా వచ్చింది, 'నేనే' అన్న మాట. రాలేదు. రేపటి నుంచి రావద్దని ఆమెకు నోటితోనే చెప్పారు, కాగితం ఏదీ ఇవ్వలేదు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకొని, మా అందరికీ పోయొస్తానని చెప్పి మరీ పోయింది.

తొమ్మిది రోజులు ఊరుకున్నాను. ఆ తొమ్మిది రోజులూ ఖాళీ కుర్చీ పక్కన కూర్చొని గింజలు లెక్కబెట్టాను, లెక్క తప్పి మళ్లీ లెక్కబెట్టాను. ఇంట్లో అవ్వకు చెప్పాను. ఆమె నీకెందుకే అంటుందని ఎదురుచూశాను, అంటే కాస్త ఊరటగా ఉండేది. అనలేదు. "నీదేం పోలేదు గదా, తిను" అంది. కంచం పక్కకు జరిపి లేచాను.

పదో రోజు సెలవు పెట్టి ఒక లాయరమ్మ దగ్గరికి పోయాను. కోర్టు పని ముగించుకొని వచ్చి ఇంటి ముందు గదిలో కూర్చుంటుంది. నా ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకొని పోయాను, పరీక్షకు పోయినట్టు.

"తప్పు జరిగిందని చెప్పినోళ్లను కాపాడే చట్టం ఉందటగదా మేడం?"

"ఉన్నది. పార్లమెంటుల పాసై పదేండ్లు దాటింది. గని అమల్లకు వచ్చే తారీఖు ఇంక ప్రకటించలే."

"పాసైనంక గూడ అట్లుంటదా?"

"ఉంటది. సంబంధం ఖాయమైంది, లగ్గం పెట్టలే అనుకో. అయినా గది సర్కారు నౌకర్ల తప్పుల మీద తెచ్చిన చట్టం. మీది ప్రైవేటు."

నాకు ఆశ్చర్యం తగ్గలేదు. పాసైన చట్టం ఎక్కడ కూర్చుంటుంది? దాన్ని రోజూ ఎవరైనా తెరిచి చూస్తారా? ఆమె నవ్వి ఇంకో సంగతి చెప్పింది. షేర్ మార్కెట్‌లో ఉన్న పెద్ద కంపెనీలైతే లోపలి తప్పులు చెప్పుకోవడానికి ఒక దారి పెట్టి, చెప్పినవాళ్లను సతాయించకుండా చూడాలట. మాది ముగ్గురు అన్నదమ్ముల కంపెనీ అన్నాను. "అయితే గదీ లేదు" అంది. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో అవినీతి సంగతైతే ఇంకో పద్ధతి ఉందట. కవరు మీద పేరు రాయకూడదు, లోపలి ఉత్తరంలో మాత్రం తప్పకుండా రాయాలి. వాళ్లు ఆ పేరును దాస్తారు. పేరే లేని ఉత్తరాన్ని పట్టించుకోరు.

పేరు దాచాలంటే ముందు పేరు ఇవ్వాలన్నమాట. నేను పేరు ఇవ్వకుండా దాగుదామనుకున్నాను. ఆ ఆఫీసువాళ్లు నన్ను దాచలేదని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. ఆ పద్ధతి మాకు వర్తించకపోయినా, అందులో ఉన్న న్యాయం నాకు బాగా తగిలింది.

చివరి ప్రశ్న అడిగాను. "మరి ఏం రాయనామెను, రాసిందని అనుకొని తీసేస్తే?"

లాయరమ్మ పెన్ను కింద పెట్టింది. "చెప్పినోళ్లను ఎట్ల కాపాడాలె అని అడిగేటోళ్లు వస్తరు చెల్లె. చెప్పని మనిషి గురించి అడిగినామెవు నువ్వే మొదలు. ఆమె లేబర్ ఆఫీసుకు పోవచ్చు. కారణం రాసియ్యకుండ, విచారణ చెయ్యకుండ తీసేసిండ్రని అడగచ్చు. గని ఆమె రాయలేదని రుజువు ఎవరి దగ్గరున్నది?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఫీజు తీసుకోలేదు.

ఆ సాయంత్రమే మళ్లీ రాశాను, ఈసారి నా చేతిరాతతో. నేను చూసిన ట్యాగులు, లెక్కబెట్టిన గింజలు, మొదటి ఉత్తరం కూడా నేనే రాశానని, కింద నా పేరు, ఊరు, ఫోన్ నంబర్. పొద్దున్నే ఆ విత్తనాల నాణ్యత ఆఫీసులో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. ఇంకో నకలు మేనేజర్‌కు ఇచ్చి, రాసింది నేను కాబట్టి అక్కను మళ్లీ పనిలోకి తీసుకొమ్మన్నాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"అంటే మీరిద్దరూ కలిసే చేశారన్నమాట" అన్నాడు. "మీరు కూడా రేపటి నుంచి రావద్దు."

నేను పేరు చెబితే ఆమెకు ఉద్యోగం తిరిగి వస్తుందని గట్టిగా నమ్మాను. అదే నాకు మిగిలిన ఒక్క ధైర్యం. అదీ పోయింది. గేటు బయట నిలబడి మోస్రా బస్సెక్కాను.

అక్క అప్పుడే చెరుకు కొట్టే పని నుంచి వచ్చింది. చేతుల నిండా ఆకు కోసిన ఎర్రటి గీతలు. కూర్చోకుండానే చెప్పేశాను.

"అక్కా, ఆ ఉత్తరం రాసింది నేనే."

"నాకెరుకే" అంది, చేతులు కడుక్కుంటూ.

"ఎప్పటి సంది?"

"సారు డ్రాయర్ల నుంచి పొట్లం తీసినప్పుడు అందరం దాని దిక్కు చూసినం. నువ్వొక్కదానివే కింద చూసినవ్."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్తనే? ఆమె నౌకరి గుంజి నా నౌకరి నాకియ్యమందునా?" అంది. తర్వాత గొంతు మారింది. "గని పది దినాలు పిల్లా. బస్సు హారన్ వినవడినప్పుడల్ల నువ్వే దిగుతున్నవేమో అని బయటికొచ్చి చూసిన."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఊరుకోబెట్టలేదు, ఏడవనిచ్చింది. ఆ తర్వాత చాయ్ పెట్టి, ముద్ర వేసిన నకలు తీసుకొని మొదటి నుంచి చివరిదాకా చదివింది. 'మా సహోద్యోగిని ఒకరిని అన్యాయంగా తొలగించారు' అన్న వాక్యం దగ్గర ఆగింది.

"నా పేరు లేదేంది?"

"నిన్ను ఇంక ఇరికించుడు ఎందుకని..."

"ఇరికించుడు అయిపాయె గదా! పేరు లేకపోతే నేనెవలో గా ఆఫీసోళ్లకు ఎట్ల ఎరుకైతది? నా పేరు దాచి ఎవలకు మేలు చేసినవే?"

ఆమె లోపలికి పోయి నోట్‌బుక్కులోంచి రెండు కాగితాలు చింపుకొచ్చింది. నేల మీద బోర్లా పడుకొని, నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాయడం మొదలుపెట్టింది.

"అక్కా, నువ్వెందుకు రాసుడు? నేను రాసిన గదా, చాలు" అన్నాను.

"రాయకముందే రాసినవని తీసేసిండ్రు" అంది తల ఎత్తకుండా. "శిక్ష పడనే పడ్డది. ఇగ గా ఉత్తరమన్న రాసుకోనీ."

ఆ లాటు సంచులను ఆపించడం, లేబర్ ఆఫీసులో మా ఇద్దరి అర్జీలు, అవన్నీ తర్వాత మొదలై ఇంకా నడుస్తున్నాయి. వాటన్నిటికన్నా ముందు, ఆ మర్నాడు పొద్దున ఇద్దరం కలిసి విత్తనాల నాణ్యత ఆఫీసుకు పోయాం. కౌంటర్‌లో ఉన్నాయన నన్ను గుర్తుపట్టాడు. "నిన్ననే ఇచ్చిపోతివి గదమ్మా, మళ్ల గదే ఉత్తరం ఏంది?" అన్నాడు.

"గది ఆమెది" అంది అక్క. "గిది నాది."

ముద్ర పడేదాకా ఆ కాగితం అంచు వదల్లేదు.